మొక్కు చెప్పుకుంటే తెరుచుకున్న దారి

పిల్లాడికి జ్వరం తగ్గకపోయినా, కోర్టు వ్యవహారం తెగకపోయినా, కూతురికి సంబంధం కుదరకపోయినా తెలుగు ఇళ్ళలో ఇల్లాలు చేసే పని ఒకటుంది. పసుపు నీళ్ళలో తడిపిన గుడ్డముక్కలో ఓ రూపాయి బిళ్ళ పెట్టి ముడుపు కడుతుంది. కొండకు వచ్చి తలనీలాలు ఇస్తామనో, వేములవాడ రాజన్నకు కోడెను కడతామనో మొక్కుకుంటుంది. ఆ చిన్న మూట దేవుడి గూట్లో పటం పక్కన చేరిన రోజు నుంచి ఇంట్లో ఒక లెక్క మారుతుంది. "ఒకసారి ఎటైనా వెళ్ళొద్దామండీ" అంటే "ఇప్పుడు ఖర్చెందుకు" అని కొట్టిపారేసే భర్త, "ముడుపు అలాగే ఉండిపోయింది" అంటే మాత్రం ఏమీ అనలేడు. వాయిదా వేయగలడు గానీ వద్దనలేడు. అత్తగారు కూడా అడ్డు చెప్పదు. మొక్కు తీర్చకపోతే ఏమవుతుందోనన్న భయం అందరికీ ఉంటుంది.

తీర్థయాత్రల గురించి రాసేవాళ్ళు భక్తి గురించి రాస్తారు, స్థలపురాణాలు చెబుతారు. ఈ అనుమతి సంగతి మాత్రం ఎక్కువగా వదిలేస్తారు. నిజానికి యాత్రల చరిత్రలో ఇదే పెద్ద విషయం. వేల ఏళ్ళపాటు, దాదాపు ప్రతి దేశంలోనూ, మామూలు మనిషికి ఊరు దాటే స్వేచ్ఛ లేదు. రైతు పొలాన్ని వదలకూడదు, పాలేరు ఆసామిని వదలకూడదు, ఆడమనిషి ఇల్లు వదలకూడదు. పని లేకుండా దారిన పోయేవాడు కనిపిస్తే అధికారులు దొంగ కింద జమకట్టేవాళ్ళు. అలాంటి రోజుల్లో కూడా "దేవుణ్ణి చూసి వస్తాను" అంటే కాదనడం రాజుకీ, యజమానికీ, మొగుడికీ కష్టంగానే ఉండేది. లోకం చూడాలన్న కోరిక రాజుకీ కూలీకీ ఒకేలా ఉంటుంది. దాన్ని బయటికి చెప్పుకోవడానికి కూలీకి దొరికిన మాట యాత్ర ఒక్కటే. అందుకే "ఈ రోజుల్లో తీర్థయాత్రలు టూరిజం అయిపోయాయి" అనే ఫిర్యాదులో నిజం తక్కువ. వినోదం, వింతలు, కొనుగోళ్ళు, తిండి ఇవన్నీ మొదటి నుంచీ యాత్రలో ఉన్నవే.

దీన్ని అన్నిటికంటే స్పష్టంగా చూపించేది జపాన్‌లోని ఈసే యాత్ర. 1603 నుంచి 1868 దాకా ఆ దేశాన్ని తోకుగావా వంశపు షోగన్లు (సైనిక పాలకులు) పాలించారు. రాజ్యం నడిచేది రైతులు పన్నుగా కట్టే బియ్యం మీద. రైతు కాలు కదిపితే పొలం పడావు పడుతుందన్నది పాలకుల భయం. ప్రయాణానికి ఊరి పెద్దో, గుడివాళ్ళో రాసిచ్చిన చీటీ ఉండాలి. రాజధాని ఎడో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటో వెళ్ళే తోకాయిదో రహదారి మీద, హకోనే కొండల్లో ఒక తనిఖీ ఠాణా ఉండేది. అక్కడి కాపలావాళ్ళు ముఖ్యంగా రెండిటి కోసం కాచుకునేవాళ్ళు: ఎడోలోకి వచ్చే తుపాకులు, ఎడో నుంచి బయటికి పోయే ఆడవాళ్ళు. సామంత ప్రభువుల భార్యలను షోగన్ ఎడోలో తాకట్టు పెట్టుకున్నట్టు ఉంచేవాడు. వాళ్ళు తప్పించుకున్నారంటే ఎక్కడో తిరుగుబాటు తయారవుతున్నట్టే. అందుకని ఆ దారిన పోయే ప్రతి ఆడమనిషి చీటీలో ఆమె ఆనవాళ్ళు వివరంగా రాసేవాళ్ళు. ఠాణాలో అందుకోసమే ఉన్న స్త్రీలు జుట్టు విప్పదీసి మరీ సరిచూసేవాళ్ళు. ఆ కాలంలో రైతులకు బుద్ధులు చెప్పే ఒక పత్రంలో అయితే, టీ అతిగా తాగుతూ, గుళ్ళకనీ విహారాలకనీ తిరిగే భార్యను వదిలేయమని నేరుగా రాసి ఉంది. గుళ్ళ పేరు చెప్పి ఆడవాళ్ళు తిరుగుతున్నారని, ఆ తిరుగుడు మగవాళ్ళకు కంటగింపుగా ఉందని ఆ ఒక్క వాక్యంతోనే తెలుస్తుంది.

ఇంత కట్టుదిట్టం మధ్యలోనే ఈసే యాత్ర పెరిగింది. ఈసేలో ఉన్నది సూర్యదేవత అమతెరాసు ఆలయం. ఇరవై ఏళ్ళకోసారి పాత గుడి పక్కనే కొత్తగా కట్టి దేవతను అందులోకి మారుస్తారు. జన్మలో ఒక్కసారైనా అక్కడికి వెళ్ళాలన్నది జనం కోరిక. ఎడో నుంచి నడిస్తే దాదాపు రెండు వారాల దారి. ఈశాన్యాన ఉన్న పల్లెల నుంచి పోయి రావాలంటే నెలలే పడుతుంది. ఒక పేదరైతుకు అంత డబ్బు ఎక్కడిది?

దానికి ఊళ్ళవాళ్ళే ఒక ఉపాయం కనిపెట్టారు. "కో" అనే సంఘంగా ఏర్పడి ఇంటికింత చొప్పున వేసుకునేవాళ్ళు. ఏడాదికోసారి చీటీలు తీసి, పేరు వచ్చినవాళ్ళను ఆ డబ్బుతో ఈసే పంపేవాళ్ళు. మన ఊళ్ళలో చిట్టీ వేసే ఎవరికైనా ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. తేడా అల్లా ఇందులో పాట లేదు. వెళ్ళినవాడు తన కోసం ఒక్కడి కోసమే వెళ్ళినట్టు కాదు, సంఘం మొత్తానికి బదులు దర్శనం చేసుకుని, అందరికీ రక్షరేకులు తీసుకురావాలి. ఇక్కడే అసలు కిటుకు ఉంది. రెండు మూడు నెలలు పొలం వదిలి తిరిగినా వాడు సోమరి కాదు, ఊరి పని మీద పోయినవాడు. పంపేటప్పుడు ఊరంతా సాగనంపేది, తిరిగొచ్చేటప్పుడు ఊరి చివర ఎదురొచ్చి విందు చేసేది. మనవాళ్ళు కాశీ నుంచి వచ్చినవాళ్ళు గంగాజలం పంచి సమారాధన చేస్తే ఊరంతా వచ్చి తిన్నట్టే.

ఈసే వైపు నుంచి కూడా పిలుపు ఉండేది. "ఓషి" అనే పూజారులు ఏటా దేశమంతా తిరిగి, ఊరూరా రక్షరేకులు, పంచాంగాలు పంచేవాళ్ళు. ఆ ఊళ్ళ నుంచి యాత్రికులు వస్తే తమ ఇళ్ళలోనే దింపుకొని చేపలతో, సముద్రపు రుచులతో విందులు పెట్టేవాళ్ళు, దేవత ముందు నృత్యం చేయించేవాళ్ళు. ఇంటి దగ్గర చిరుధాన్యాల గంజి తాగే రైతును అక్కడ రెండు రోజులు జమీందారు మాదిరి చూసేవాళ్ళు. ఈసేలో బయటి గుడి, లోపలి గుడి అని రెండున్నాయి. వాటి మధ్య ఫురుయిచి అనే వీధి. టీ దుకాణాలు, ఆటపాటలు, వేశ్యావాటిక అన్నీ అక్కడే. దాన్ని దాటుకునే దేవత దగ్గరికి పోవాలి.

ఆ తర్వాత జరిగేది ఇంకా ఆసక్తికరం. దర్శనం అయ్యాక వెంటనే ఇంటి ముఖం పట్టేవాళ్ళు తక్కువ. ఇంత దూరం వచ్చాం కదా అని నారా, క్యోటో, ఒసాకా చూసుకుని, ఓపిక ఉంటే పడవెక్కి షికోకు దీవిలోని కొంపిర గుడి దాకా పోయేవాళ్ళు. అలా వెళ్ళిన రైతులు రాసుకున్న దినచర్య పుస్తకాలు చాలా మిగిలాయి. వాటిలో భక్తి వర్ణనలు వెతికితే నిరాశే. ఈ రాత్రి బసకు ఎంత, భోజనానికి ఎంత, రేవు దాటించినందుకు ఎంత, గడ్డి చెప్పులకు ఎంత — ఇవే ఎక్కువ. అంతమాత్రాన వాళ్ళకు భక్తి లేదని అనుకోవడం పొరపాటు. అంత దూరం కాళ్ళు పగిలేలా నడిచి, ప్రతి పైసా రాసుకుని, ఊరందరి రక్షరేకులనూ జాగ్రత్తగా మూటకట్టుకొని తెచ్చిన మనిషికి భక్తి లేదనడం అన్యాయం. భక్తినీ లోకం చూడాలన్న తహతహనూ విడదీసి తూకం వేయాలన్న ఆలోచన మనది, వాళ్ళది కాదు. వస్తూ వస్తూ దారిలో బాగా పండిన చేలు చూసి కొత్త వరి విత్తనాలు కూడా అడిగి తెచ్చుకునేవాళ్ళు. వ్యవసాయ శాఖలు లేని రోజుల్లో కొత్త వంగడాలు ఊరి నుంచి ఊరికి పాకిన దారుల్లో యాత్రికుడి మూట ఒకటి.

చీటీ రానివాళ్ళు, అసలు సంఘంలో చోటే లేనివాళ్ళు ఏం చేయాలి? పిల్లలు, పనివాళ్ళు, కోడళ్ళు? వాళ్ళు చెప్పకుండా వెళ్ళిపోయేవాళ్ళు. దీనికి "నుకె మయిరి" అని పేరు కూడా ఉంది, అంటే జారుకుని చేసే యాత్ర. దుకాణంలో పని కుర్రాడు చీపురు అక్కడే పడేసి రోడ్డున పడేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఈసే రక్షరేకు చూపిస్తే యజమాని శిక్షించకూడదన్నది ఆచారం. సుమారు అరవై ఏళ్ళకోసారి ఈ జారుకోవడం వరదలా మారేది. 1705లో, 1771లో, 1830లో అలా జరిగింది. 1830లో షికోకు దీవిలోని అవా ప్రాంతంలో మొదలైన కదలిక కొన్ని నెలల్లో 40 లక్షలకు పైగా జనాన్ని ఈసే చేర్చిందని అంచనా. అప్పటి జపాన్ జనాభా సుమారు 3 కోట్లు. చేతిలో చెక్క గరిటె ఉంటే చాలు, యాత్రికుడని గుర్తుపట్టి దారి పొడుగునా ఇళ్ళవాళ్ళు అందులో అన్నం, బియ్యం, చిల్లర వేసేవాళ్ళు. తాము వెళ్ళలేనివాళ్ళు పెంపుడు కుక్క మెడకు డబ్బు కట్టి పంపేవాళ్ళు. దారినపోయేవాళ్ళు దాన్ని తోడు తీసుకుపోయి, తిండి పెట్టి, రక్షరేకుతో తిరిగి పంపేవాళ్ళు. ఆనాటి చెక్క అచ్చు బొమ్మల్లో ఆ కుక్కలు కూడా కనిపిస్తాయి. కుక్కకు కూడా దొరికిన ఆ అనుమతి, మామూలు రోజుల్లో ఒక రైతు భార్యకు దొరికేది కాదన్నది గుర్తుపెట్టుకోవాలి.

ఇంగ్లండ్‌లో పాలకులు ఈ కిటుకును ముందే కనిపెట్టారు. 1348లో వచ్చిన మహా ప్లేగు దేశ జనాభాను దారుణంగా తగ్గించింది. కూలీలు దొరకడం కష్టమై, ఎక్కువ కూలి ఇచ్చే చోటికి జనం తరలిపోసాగారు. 1388లో పార్లమెంటు ఒక చట్టం చేసింది: రాజముద్ర వేసిన ఉత్తరం లేకుండా పనివాళ్ళెవరూ తమ ప్రాంతం దాటకూడదు, తీర్థయాత్రకని చెప్పి పోయినా సరే. పట్టుబడితే కాళ్ళకు బొండ కొయ్య వేసేవాళ్ళు. యాత్రను పేరు పెట్టి మరీ చట్టంలో రాశారంటే ఆ సాకు ఎంతమంది వాడుకొని ఉంటారో ఊహించవచ్చు.

ఆ తర్వాత పాతికేళ్ళకు అదే దేశంలో మార్జరీ కెంప్ అనే ఆమె ఇంకో రకం అనుమతి కోసం పోరాడింది. లిన్ పట్టణం ఆమెది. 14 మంది పిల్లల్ని కన్న తల్లి. జెరూసలేం వెళ్ళాలి, కానీ భర్త ఒప్పుకోకుండా పెళ్ళైన స్త్రీ అలాంటి యాత్ర చేయడానికి చర్చి ఒప్పుకోదు. 1413 వేసవిలో, ఎండ మండిపోతున్న ఓ శుక్రవారం, మొగుడూ పెళ్ళాం యార్క్ నుంచి నడిచి వస్తున్నారు. ఆమె చేతిలో బీరు సీసా, ఆయన దగ్గర రొట్టె. దారిలో ఒక శిలువ దగ్గర కూర్చుని బేరం మొదలుపెట్టారు. జెరూసలేం వెళ్ళేముందు తన అప్పులు తీర్చాలని, శుక్రవారం ఉపవాసాలు మాని తనతో కలిసి తినాలని, పక్కలోకి రావాలని ఆయన అడిగాడు. మొదటి రెండూ ఒప్పుకుంది, మూడోది ఒప్పుకోలేదు. ఆయన సరేనన్నాడు. ఆమె అప్పులు కట్టేసి, ఆ శరత్కాలంలో ఓడెక్కింది. దారిలో ఆమె పెద్దగా ఏడవడం, తినేచోట కూడా దేవుడి ముచ్చట్లే చెప్పడం తోటి యాత్రికులకు నచ్చలేదు. గౌను పొట్టిగా కోసి, పైన తెల్లటి ముతక గుడ్డ తొడిగి, పిచ్చిదాన్ని చేసి చూపించారు. ఆమె ఆగలేదు. జెరూసలేం, రోమ్, తర్వాత స్పెయిన్‌లోని సాంతియాగో, అరవై ఏళ్ళ వయసులో బాల్టిక్ సముద్రం దాటి దాన్‌జిగ్ (ఇప్పటి పోలండ్‌లోని గ్దాన్స్క్). రాయడం రాని ఆమె ఇదంతా ఇంకొకరితో చెప్పి రాయించింది. ఆ రాతప్రతి 1934లో బయటపడింది. ఒక మధ్యయుగపు ఇల్లాలు ప్రపంచం చూడటానికి ఏ ధర కట్టిందో ఆమె మాటల్లోనే మనకు తెలిసింది అందువల్లే.

అనుమతి అడిగి, దొరక్క, అయినా బయల్దేరినవాళ్ళూ ఉన్నారు. బౌద్ధ భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ చైనా వదిలేటప్పటికి దేశం దాటడం నిషేధం. సరిహద్దు కావలి బురుజు దగ్గర రాత్రిపూట నీళ్ళ కోసం వంగితే బాణాలు దూసుకొచ్చాయి. బురుజు అధికారి కూడా బౌద్ధుడు కావడంతో, పట్టుకోవాల్సిన మనిషికి నీళ్ళు, తిండి ఇచ్చి దారి చూపాడు. ఆ యాత్రే ఆయన్ను తర్వాత కాలంలో వేంగి, ధాన్యకటకం దాకా తెచ్చింది. ఇప్పటి అమరావతి, ధరణికోటల్లో కొన్ని నెలలుండి అభిధర్మమనే బౌద్ధ తత్వ గ్రంథాలు చదువుకున్నాడు. 645లో తిరిగి వెళ్ళేటప్పుడు చక్రవర్తిని క్షమాపణ కోరుతూ ముందుగా ఉత్తరం పంపాడు. చట్టం మీరి పోయినవాడికి రాజధానిలో ఘనస్వాగతం దొరికింది. 1325లో 21 ఏళ్ళ ఇబ్న్ బతూతా మక్కాకని తాంజియర్ నుంచి బయల్దేరి, హజ్ ముగిసినా ఆగకుండా, ఢిల్లీలో కాజీగా కూడా పనిచేసి, 1349లో గానీ సొంత దేశం చేరలేదు. మక్కా పేరు చెప్పకపోతే ఇంట్లోవాళ్ళు పంపేవాళ్ళా? అక్బర్ మేనత్త గుల్బదన్ బేగంకు పరదా దాటి సముద్రం చూసే అవకాశం కూడా హజ్ వల్లే వచ్చింది. అంతఃపుర స్త్రీల బృందంతో బయల్దేరి, పోర్చుగీసువాళ్ళ అనుమతి చీటీ కోసం సూరత్‌లో ఎదురుచూసి, అరేబియాలో మూడేళ్ళకు పైగా ఉండి, తిరుగు ప్రయాణంలో ఏడెన్ దగ్గర ఓడ పగిలి చిక్కుకుని, 1582లో ఇల్లు చేరింది.

తెలుగులో ఈ కథకు దొరికే గొప్ప సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్యది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా (మాటలు అనువదించే ఉద్యోగిగా) ఉన్న ఆయన 1830 మే 18న దాదాపు వంద మంది పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. ఈసేకి జపాన్ పిల్లలు గరిటెలు పట్టుకొని పరుగెత్తిన సంవత్సరం కూడా అదే. తిరుపతి, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ మీదుగా సాగిన ఆ దారిలో, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసిన ఉత్తరాలే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. జపాన్ రైతుల లెక్కల పుస్తకాలు చదివినవారికి వీరాస్వామయ్య రాత వెంటనే చుట్టంలా అనిపిస్తుంది. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, ఏ నేల ఎలాంటిది, ఎక్కడి మనుషులు ఏం మాట్లాడతారు — అన్నీ రాశాడు. అయితే ఆయన సంపన్నుడు, కోర్టులో హోదా ఉన్నవాడు, సెలవు పెట్టుకుని వెళ్ళగలిగినవాడు. మిగతా జనానికి "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అన్న సామెతే నిజం. దొంగలు, కలరా, అడవి దారులు ఒకవైపు. పన్ను ఇంకోవైపు. గయలో, ప్రయాగలో, పూరీలో ఈస్టిండియా కంపెనీ యాత్రికుల నుంచి సుంకం వసూలు చేసేది. 1840లో గానీ అది రద్దు కాలేదు. జనం కాళ్ళను ఆపలేమని తెలిసిన ప్రభుత్వాలు ఆ కాళ్ళ మీద డబ్బు చేసుకోవడం నేర్చుకున్నాయి.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. దారి తెరుచుకున్నంత మాత్రాన అందరికీ తలుపు తెరుచుకోలేదు. జపాన్‌లో బౌద్ధ క్షేత్రమైన కోయా కొండ ఎక్కి వచ్చిన ఆడవాళ్ళు అంచున ఉన్న "స్త్రీల మందిరం" దగ్గరే ఆగిపోవాలి. ప్రభుత్వం ఆ నిషేధాన్ని 1872లో ఎత్తేసింది. మహారాష్ట్రలో పంఢరీపురం విఠోబా మీద అభంగాలు (మరాఠీ భక్తిపాటలు) పాడిన 14వ శతాబ్దపు చోఖామేళాను, మహర్ కులస్థుడని, గుడిలోకి రానివ్వలేదు. ఆయన సమాధి గుడి మెట్ల దగ్గరే ఉంది. ఆ గుడి తలుపులు దళితులకు తెరవాలని మరాఠీ రచయిత, సంఘ సంస్కర్త సానే గురూజీ నిరాహార దీక్షకు కూర్చున్నది 1947లో. దాదాపు ఆరు వందల ఏళ్ళ పాటు ఆషాఢంలో వందల మైళ్ళు నడిచి వచ్చినవాళ్ళలో కొందరు గోపుర శిఖరానికి దణ్ణం పెట్టుకుని వెనక్కి పోయారు. మన శ్రీశైలంలో ఈరోజుకీ కులానికో సత్రం కనిపిస్తుంది. యాత్రలో అందరూ సమానమే అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, రాత్రి పడుకునే చోటు అడిగితే నిజం తెలుస్తుంది.

రాజముద్రలు పోయిన ఈ కాలంలో కూడా యాత్ర అనే మాట పని మానలేదు. స్పెయిన్‌లో సాంతియాగో దారి నడిచి అక్కడి చర్చి కార్యాలయం నుంచి పత్రం తీసుకున్నవాళ్ళు 1986లో రెండు వేల లోపే. 2024లో దాదాపు ఐదు లక్షలు. కనీసం చివరి 100 కిలోమీటర్లు నడిస్తే ఆ పత్రం ఇస్తారు. వాళ్ళలో చాలామంది చర్చికి పోయే అలవాటు లేనివాళ్ళే. ఉద్యోగం పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు, రిటైరైనవాళ్ళు, చదువు అయ్యాక ఏం చేయాలో తోచనివాళ్ళు. యూరప్‌లో అంతకంటే అందమైన కొండదారులు ఎన్నో ఉన్నా ఈ దారినే ఎంచుకోవడానికి కారణం ఉంది. నెల రోజులు ఊరికే నడుస్తానంటే ఇంట్లోవాళ్ళకీ ఆఫీసుకీ సర్దిచెప్పడం కష్టం. సాంతియాగో వెళ్తున్నానంటే ఎవరూ ఎందుకని అడగరు. తనకు తాను సర్దిచెప్పుకోవడం కూడా సులువే.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి అమల్లోకి వచ్చింది. టికెట్ భారం తప్పగానే రద్దీ ఎక్కడ పెరిగిందో వార్తలన్నీ రాశాయి: వేములవాడ, యాదగిరిగుట్ట, ఇంకా ఊరూరి పేరున్న గుళ్ళు. దాని మీద వెటకారాలు కూడా అంతే వేగంగా వచ్చాయి. పనీపాటా లేక గుళ్ళ వెంట తిరుగుతున్నారని, సీట్ల కోసం కొట్టుకుంటున్నారని. భార్య గుళ్ళకు తిరిగితే వదిలేయమన్న జపాన్ పత్రానికీ ఈ మాటలకీ పెద్ద తేడా లేదు. పెళ్ళై ఇరవై ఏళ్ళయినా పుట్టిల్లు, ఆసుపత్రి, పొలం తప్ప ఇంకో చోటు చూడని ఆడవాళ్ళు పల్లెల్లో లక్షల్లో ఉన్నారు. "హైదరాబాద్ చూసొస్తా" అనడానికి వాళ్ళకు ఇప్పటికీ జంకే. "రాజన్న మొక్కు ఉంది" అనడానికి జంకు లేదు. కోడెను కట్టి, ప్రసాదం తిని, గుడి ముందు దుకాణంలో గాజులు వేయించుకుని, పక్క సీటులో కూర్చున్న వేరే ఊరి ఆమెతో గంటల తరబడి మాట్లాడి ఇల్లు చేరే ఆ రోజుకు విలువ లేదనడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇప్పుడు పట్టించుకోవాల్సింది ఆ దారి ఎక్కడ ఆగిపోతోందన్నది. బస్టాండ్లలో, గుళ్ళ దగ్గర ఆడవాళ్ళకు సరిపడా మరుగుదొడ్లు లేవు. నీళ్ళు తాగితే ఇబ్బందని పొద్దుటి నుంచీ గొంతు తడుపుకోకుండా క్యూలో నిలబడేవాళ్ళు ఎందరో. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి గది ఇవ్వడానికి వెనకాడే సత్రాలు, లాడ్జీలు ఇప్పటికీ ఉన్నాయి. ఆధార్ కార్డు చూపించినా "మీతో ఎవరొచ్చారు" అని అడుగుతారు. ఆఖరి బస్సు తప్పిపోతే ఆమెకు మిగిలేది బస్టాండు బెంచీ. ఉచిత టికెట్ ఇచ్చిన ప్రభుత్వాలు, హుండీ ఆదాయం లెక్కపెట్టుకునే దేవస్థానాలు ముందు సరిచేయాల్సింది దీన్నే.